రక్షణ, ట్రాకింగ్ క్రీడ: హెల్పర్‌గా నేను రోజూ వినే అపోహలు, వాటి వెనక వాస్తవాలు

ఈ ఆటలో నాది హెల్పర్ పని. చేతికి స్లీవ్ (కుక్క కరవడానికని చేసిన మందపాటి తొడుగు) తొడుక్కుని కుక్క ముందు పరిగెత్తేదీ, దాన్ని బెదిరించేదీ, కరిపించుకునేదీ నేనే. ఆట పేరు ఐజీపీ, కుక్కా యజమానీ కలిసి పాల్గొనే పోటీ. 2019కి ముందు ఐపీఓ అనేవారు, పాతవాళ్ళు ఇప్పటికీ షుట్జ్‌హుండ్ అనే అంటారు. ఇందులో మూడు భాగాలు: జాడ పట్టడం (ట్రాకింగ్), మాట వినడం, రక్షణ. ఒక్కోదానికి 100 మార్కులు, ఒక్కోదాంట్లో కనీసం 70 తెచ్చుకోవాలి. వీడియోల్లో మాత్రం ఎప్పుడూ మూడోదే కనిపిస్తుంది. సగం అపోహలు అక్కడే పుడతాయి.

అపోహ: కరవడం నేర్పితే రేపు ఇంట్లోవాళ్ళనీ కరుస్తుంది

పని కోసమే పెంచే మంచి వంశంలో పుట్టిన మాలినోయికి (ఒక బెల్జియన్ షెపర్డ్ రకం) కరవడం ఎవరూ నేర్పక్కర్లేదు. దేన్ని కరవాలి, ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు వదలాలి అన్నదే మేం నేర్పేది. మూడు స్థాయిల్లో పైదైన ఐజీపీ-3లో కుక్క మైదానంలో మనిషి దాక్కునే ఆరు చాటుల్నీ వెతుక్కుంటూ వచ్చి చివరిదాంట్లో నన్ను కనిపెడుతుంది. నేను కదలకుండా నిలబడితే నన్ను ముట్టుకోకూడదు. ఎదురుగా ఉండి మొరగాలి, అంతే. పట్టుకోవాలని ఒళ్ళంతా వణికిపోతున్నా ఆగాలి. నేను పారిపోయినా, దాడి చేసినా పట్టుకోవాలి. నేను ఆగిపోయాక యజమాని ఒక్క మాట అనగానే వదలాలి. మొదటి ఆజ్ఞ కాక ఇంకో రెండుసార్లు చెప్పినా వదలకపోతే పోటీ నుంచి బయటికే. స్లీవ్ కాకుండా ఒంటిమీద ఇంకెక్కడైనా కావాలని కరిచినా అంతే.

అసలు ఇక్కడిదాకా రావాలంటే ముందు బీహెచ్ అనే నడవడిక పరీక్ష దాటాలి. దానికి కుక్కకి 15 నెలలు నిండాలి. మైదానంలో మాట వింటే సరిపోదు. జనం మధ్య, సైకిళ్ళ పక్కన, వేరే కుక్కల ఎదుట కూడా నెమ్మదిగా ఉండాలి.

ఈ అపోహలో నిజం లేకపోలేదు. భయంతో కరిచే కుక్కని ‘క్రమశిక్షణ వస్తుంది’ అని తీసుకొస్తుంటారు. ఈ ఆట దానికి మందు కాదు, ప్రమాదం. అలాంటి కుక్కకి నేను స్లీవ్ చూపించను.

అపోహ: ఎంత కోపిష్టిదైతే అంత మంచి స్పోర్ట్ డాగ్

గొలుసు చివర నిలబడి పళ్ళు చూపిస్తూ గొంతు చించుకునే కుక్కని చూసి చుట్టూ ఉన్నవాళ్ళు మురిసిపోతారు. నేను చూసేది తోక, చెవులు, బరువు ఏ కాళ్ళమీద వేసిందన్నది. వాటిలో ఎక్కువ కుక్కలు నన్ను దగ్గరికి రానివ్వకుండా చూసుకుంటున్నాయి, అంతే. నేను రెండడుగులు ముందుకేస్తే అవి రెండడుగులు వెనక్కి వేస్తాయి.

మాకు కావలసిన డ్రైవ్ వేరు. కదిలేదాన్ని తరమాలి, పట్టుకోవాలి, పట్టింది పోనివ్వకూడదు అన్న తపన అది. పట్టు చూస్తే తేడా తెలిసిపోతుంది. స్థిమితంగా ఉన్న కుక్క వెనక దవడ పళ్ళదాకా నోరు నింపుకుని, చప్పుడు లేకుండా, కదపకుండా పట్టుకుంటుంది. ముందు పళ్ళతో కొరుకుతూ, వదిలి మళ్ళీ అందుకుంటూ, గుర్రుమంటూ ఉంటే అది ఒత్తిడిలో ఉన్నట్టు. అప్పుడు నేను ఒత్తిడి తగ్గించి దాన్ని గెలిపించాలి. ఇంకా బెదిరిస్తే ఆ కుక్క చెడిపోతుంది. జర్మన్ షెపర్డ్ జాతిసంఘం 1899లో ఏర్పడింది. తర్వాతి ఏళ్ళలో ఈ పరీక్ష పుట్టిందే ఏ కుక్క నుంచి సంతానం తీయొచ్చో తేల్చుకోవడానికి. కొలిచింది గుండె నిబ్బరాన్ని, కోపాన్ని కాదు.

అపోహ: వదలడం బలవంతంగానే నేర్పాలి

దవడలు విడదీస్తే, గొంతు బిగిస్తే, గట్టిగా లాగితే కుక్క ఇంకా గట్టిగా పడుతుంది. ‘పోతోంది, పట్టుకో’ అని మనమే చెప్పినట్టవుతుంది. టగ్ బొమ్మని (కుక్కతో లాగులాట ఆడే బొమ్మ) మీ ఒంటికి ఆనించి బిగబట్టండి, బొమ్మ చచ్చినట్టు కదలకుండా ఉండాలి. కుక్క నోరు తెరిచిన క్షణమే బొమ్మకి ప్రాణం పొయ్యండి, మళ్ళీ పట్టుకోనివ్వండి. వదిలితేనే తర్వాతి పట్టు దొరుకుతుందని దానికి కొన్నాళ్ళలో అర్థమవుతుంది. చాలామంది ‘వదులు’ అనేది ఆట ముగించి ఇంటికెళ్ళేటప్పుడే. ఆ మాట వినబడితే ఆట పోతుందని తెలిశాక ఏ కుక్క వదులుతుంది?

అపోహ: కుక్కకి ముక్కుంది కదా, ట్రాకింగ్ నేర్పేదేముంది

ముక్కు సంగతి నిజమే. వాసన పట్టే గ్రాహకాలు మనకి 50 లక్షల ప్రాంతంలో ఉంటే కుక్కకి 20 కోట్ల పైమాటే. లోటంతా ఓపికలోనే. స్వేచ్ఛగా వదిలితే కుక్క తల ఎత్తి, గాలిలో వాసన అందుకుని, అడ్డదారిన మనిషి దగ్గరికి పోతుంది. తప్పిపోయినవాళ్ళని వెతకడానికి అది చాలు. ఈ ఆటలో అలా కాదు, ముక్కు నేలకి ఆనించి అడుగడుగూ అనుసరించాలి. మనం నడిస్తే గడ్డి నలుగుతుంది, మట్టి కదులుతుంది. ఆ వాసన మన ఒంటి వాసనతో కలిసి ప్రతి అడుగులోనూ నిలుస్తుంది.

అందుకే మొదట్లో ప్రతి అడుగులో ఒక చిన్న తిండి ముక్క వేస్తాం. తర్వాత ముక్కల మధ్య దూరం పెంచుతాం, ఆపైన మలుపులు, ఆపైన దారిలో వదిలిన వస్తువుల దగ్గర ఆగి చూపించడం. ఐజీపీ-3కి వచ్చేసరికి వేరే మనిషి 600 అంగలు నడిచిన జాడ ఉంటుంది. అందులో నాలుగు మలుపులు, మూడు వస్తువులు. వేసిన గంట తర్వాత, 10 మీటర్ల తాడు కట్టి కుక్కని దానిమీద పెడతారు. జాడకి 79 మార్కులు, వస్తువులకి 21. వేగానికి ఏమీ లేవు.

ఇక్కడ డ్రైవే అడ్డమొస్తుంది. ఊపుమీదున్న కుక్క మలుపు దాటేసి పది అడుగులు ముందుకుపోతుంది. రక్షణ సాధన అయిన వెంటనే జాడమీద పెడితే రొప్పుతూ ఉంటుంది, నోటితో ఊపిరి తీసేటప్పుడు ముక్కు సగమే పనిచేస్తుంది. పొద్దున్నే, ఆకలి మీద, వేరే ఏ పనీ మొదలవకముందే ట్రాకింగ్ పెట్టుకోవాలన్నది నా లెక్క. నేర్పేటప్పుడు జాడ ఎటు పోయిందో యజమానికి తెలిసితీరాలి. గుర్తులు పెట్టుకోండి. కుక్క సరైన దారిలో పోతుంటే యజమాని తాడు లాగి తప్పించడం నేను తరచూ చూసేదే.

అపోహ: డ్రైవ్ ఉన్న కుక్కని రోజూ అలసిపోయేదాకా పరిగెత్తించాలి

పరిగెత్తిస్తే దమ్ము పెరుగుతుంది, రేపు ఇంకాస్త ఎక్కువ పరుగు అడుగుతుంది. దీనికన్నా కష్టమైనదీ, ముందు నేర్పాల్సిందీ ఏ పనీ లేకుండా పడుకోవడం. ఇక ఎదిగే వయసులో ఎత్తునుంచి దూకించకండి. పళ్ళు మారే రోజుల్లో టగ్ ఆట ఆపేయండి. ఐజీపీ-1కే 18 నెలలు నిండాలి, తొందరపడి సాధించేది లేదు.

అపోహ: స్పోర్ట్ డాగ్ ఉంటే ఇంటికి వేరే కాపలా అక్కర్లేదు

చాలా స్పోర్ట్ కుక్కలకి నేనూ, నా స్లీవూ, మైదానమూ కలిస్తేనే ఆట. స్లీవ్ తీసి కింద పడేస్తే నన్ను వదిలేసి దాన్ని మోసుకుపోతాయి. చీకట్లో, స్లీవ్ లేని మనిషి ఎదురుపడితే ఏం చేస్తాయో పోటీ మార్కులు చెప్పవు. కొన్ని ఎదురు నిలుస్తాయి, కొన్ని తోక ఊపుతాయి. కాపలా కోసమే అయితే గేటుకి గట్టి తాళం వేసి, అపరిచితుల్ని చూసి మొరిగే కుక్కని పెంచుకోండి, చాలు. ఈ ఆటలోకి రావాలంటే మాత్రం ముందు కుక్క లేకుండా ఒక్కరే మైదానానికి రండి. హెల్పర్ కుక్కపిల్లలతో ఎలా ఆడుతున్నాడో, ఓడిపోయే కుక్కతో ఎలా ఉంటున్నాడో చూసి, అప్పుడు మీ కుక్కని అప్పజెప్పాలో లేదో తేల్చుకోండి.