పద్యం చదవగలిగేంత వేగం

పరుగు మొదలుపెట్టి వారం తిరక్కుండానే మానేసినవాళ్ళను కారణం అడిగితే, తమకు బద్ధకమనో, ఆ ఓపిక తమ వంట్లో లేదనో చెబుతారు. వాళ్ళు తమను తామే అన్యాయంగా నిందించుకుంటున్నారని నా నమ్మకం, ఎందుకంటే చాలామందిని వెనక్కి లాగేది బద్ధకం కాదు, వేగం.

అడుగు వేసిన మరుక్షణం నుంచే కండరానికి అదనపు శక్తి కావాలి. గుండె, ఊపిరితిత్తులు ఆ అవసరానికి సరిపడా ఆక్సిజన్ అందించే స్థితికి చేరడానికి మాత్రం రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఈలోగా కండరం తన సొంత నిల్వలతో నెట్టుకొస్తుంది కాబట్టి మొదటి ఫర్లాంగు ఎవరికైనా భారంగానే ఉంటుంది. ఐదు నిమిషాలు నడిచి ఆ తర్వాత పరుగందుకుంటే ఈ భారం చాలావరకు తగ్గుతుంది.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. వేగం ఒక హద్దు దాటినప్పుడు కండరం చక్కెరను వేగంగా వాడుకునేటప్పుడు పుట్టే లాక్టేట్ అనే పదార్థం రక్తంలో పేరుకుంటుంది. దానితోపాటు పెరిగే ఆమ్లతను సరిదిద్దే క్రమంలో అదనంగా కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. దాన్ని బయటికి పంపడానికి ఊపిరి ఒక్కసారిగా ఎగదన్నుకొస్తుంది. పాంటెలీమాన్ ఎక్కెకాకిస్ అనే శాస్త్రవేత్త ఏళ్ళ తరబడి చేసిన పరిశోధనల సారం ఏమిటంటే, ఈ హద్దుకు లోపల ఉన్నంతసేపు చాలామందికి వ్యాయామం హాయిగానే ఉంటుంది, దాటాక దాదాపు అందరికీ బాధాకరమవుతుంది. అలవాటు లేనివారిలో ఈ హద్దు ఎంత కిందుంటుందంటే, కొందరు మెల్లగా పరుగెత్తినా దాన్ని దాటేస్తారు.

హద్దు ఎక్కడుందో తెలుసుకోవడానికి పరికరాలు అక్కర్లేదు, గొంతు చాలు. విశాఖ బీచ్ రోడ్డు మీద నేను పరుగు నేర్చుకున్న రోజుల్లో, బడిలో కంఠస్థం చేసిన ఒక ఆటవెలదిని పైకి చదువుతూ పరుగెత్తేవాణ్ణి. మొదటి వారం రెండో పాదం మధ్యలోనే ఊపిరి తెగేది. తెగిన చోట నడకలోకి దిగి, పద్యం నాలుగు పాదాలూ సాఫీగా వచ్చాక మళ్ళీ పరుగందుకునేవాణ్ణి. నిమిషం పరుగు, రెండు నిమిషాల నడకగా మొదలైన ఆ లెక్క వారాలు గడిచేకొద్దీ తలకిందులైంది.

ఆ వారాల్లో శరీరం లోపల పెద్ద పనే జరుగుతుంది. మొదటి ఒకటి రెండు వారాల్లోనే రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మా పెరిగి, గుండె ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తాన్ని పంపుతుంది. కండర కణాల్లో ఆక్సిజన్‌తో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా కూడా వృద్ధి చెందుతాయి; 1967లో జాన్ హాలోజీ ఎలుకలను ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి, వాటి కాలి కండరాల్లో ఈ సామర్థ్యం సుమారు రెట్టింపైందని చూపాడు. అయితే ఎముకలూ, స్నాయుబంధాలూ ఇంత త్వరగా గట్టిపడవు, వాటికి నెలలు కావాలి. నాలుగో వారంలో ఊపిరి కుదురుకుంది కదా అని దూరం అమాంతం పెంచినవాళ్ళకు మోకాలి కింద ముందరి ఎముక వెంట నొప్పి పట్టుకునేది ఇందుకే.

ఇక ఆనందం సంగతి. పరుగు తర్వాత కలిగే ప్రశాంతతకు, శరీరం తనంతట తాను తయారుచేసుకునే నొప్పి తగ్గించే రసాయనాలైన ఎండార్ఫిన్లే కారణమని చాలాకాలం అనుకున్నారు గానీ, రక్తంలోకి విడుదలైన ఎండార్ఫిన్లు మెదడులోకి అంత సులువుగా ప్రవేశించలేవు. 1992లో జెరూసలేంలో రఫాయెల్ మెషూలం బృందం పంది మెదడు నుంచి ఒక కొవ్వు పదార్థాన్ని వేరుచేసి, సంస్కృతంలోని ఆనంద శబ్దంతో దానికి ఆనందమైడ్ అని పేరుపెట్టింది. ఇలాంటి పదార్థాలు వచ్చి అతుక్కుని పనిచేసే చోట్లను, అంటే కణాల మీది గ్రాహకాలను, అడ్డుకున్నప్పుడు, పరుగెత్తిన ఎలుకల్లో కనిపించే ఆ నెమ్మది కనిపించలేదని 2015లో జర్మనీ పరిశోధకులు గమనించారు. డేవిడ్ రైక్లెన్ బృందం మనుషుల్లో చూసిన విషయం నాకు ఇంకా ముఖ్యంగా తోస్తుంది: ఆనందమైడ్ మధ్యస్థమైన శ్రమలో పెరిగింది, మరీ తక్కువ శ్రమలోనూ మరీ తీవ్రమైన శ్రమలోనూ అలా పెరగలేదు.

మా తీరంలో వేసవి ఉక్కపోత ఈ లెక్కను మార్చేస్తుంది. చెమట ఆరదు, ఒంటిని చల్లబరచడానికి గుండె చర్మానికీ రక్తం పంపాలి, అందువల్ల నిన్నటి వేగమే ఇవాళ హద్దు దాటిస్తుంది. ఫిబ్రవరిలో నాలుగు పాదాలూ ఆగకుండా చదివిన నేను మే నెలలో అదే మలుపు దగ్గర మూడో పాదంలో ఆగిపోయాను. వేగం తగ్గించి, పద్యాన్ని మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాను.