దేవుడి పేరెత్తకుండా అబార్షన్ వద్దన్నవాళ్లు

ప్రతి జనవరిలో వాషింగ్టన్ వీధుల్లో ‘మార్చ్ ఫర్ లైఫ్’ అనే పెద్ద ఊరేగింపు జరుగుతుంది. 1973 జనవరి 22న అమెరికా సుప్రీంకోర్టు ‘రో వర్సెస్ వేడ్’ తీర్పుతో అబార్షన్‌ను రాజ్యాంగ హక్కుగా గుర్తించింది. దానికి నిరసనగా 1974లో మొదలైన నడక ఇది. శిలువలు, జపమాలలు, మేరీమాత పటాలు ఎటు చూసినా కనిపిస్తాయి. వాటి మధ్య ఇటీవలి ఏళ్లలో ఇంకో రకం అట్ట కూడా కనిపిస్తోంది. ‘బైబిల్ అలా చెబుతోంది గనుక’ అని చర్చిలో చిన్నపిల్లలు పాడుకునే మాటను మార్చి, ‘పిండశాస్త్రం పుస్తకం అలా చెబుతోంది గనుక’ అని రాసుకొచ్చారు. పట్టుకున్నవాళ్లు ‘సెక్యులర్ ప్రోలైఫ్’ అనే సంస్థ వాళ్లు. ప్రోలైఫ్ అంటే అబార్షన్‌ను వ్యతిరేకించడం, సెక్యులర్ అంటే మతంతో సంబంధం లేకుండా. దేవుణ్ని నమ్మనివాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు.

వీళ్లను చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. కానీ ఈ ఉద్యమం చరిత్ర తెలిస్తే అంత ఆశ్చర్యం అనిపించదు. ‘రో’ తీర్పుకు ముందు అబార్షన్‌ను గట్టిగా వ్యతిరేకించింది ప్రధానంగా కేథలిక్కులు. వాళ్లలో పేదల సంక్షేమం కోరేవాళ్లు, వియత్నాం యుద్ధం వద్దన్నవాళ్లు, డెమొక్రాట్లు ఎంతోమంది. ఇవాళ ఈ పోరాటంలో ముందు నిలబడే సదరన్ బాప్టిస్టులనే ప్రొటెస్టెంట్ శాఖ వాళ్లైతే 1971లో, కొన్ని పరిస్థితుల్లో అబార్షన్‌ను అనుమతించే చట్టాలు రావాలని తీర్మానమే చేశారు. హార్వర్డ్ మెడికల్ స్కూల్లో డాక్టర్ పట్టా పొందిన మొదటి నల్లజాతి మహిళ మిల్డ్రెడ్ జెఫర్సన్, 1970ల మధ్యలో అబార్షన్‌ను వ్యతిరేకించే నేషనల్ రైట్ టు లైఫ్ కమిటీకి అధ్యక్షురాలిగా ఉన్నారు. రిపబ్లికన్లు, ఎవాంజెలికల్ అనే సంప్రదాయ ప్రొటెస్టెంట్ చర్చిలు, ప్రోలైఫ్ ఉద్యమం అనే మూడూ ఒకే తాటి మీదకు వచ్చింది 1979-80 తర్వాతే. ఆ తర్వాతే మిగతా గొంతులు వినపడకుండా పోయాయి.

ఆ గొంతుల్లో అందరికంటే ఇబ్బందిపెట్టే కథ డాక్టర్ బెర్నార్డ్ నాథన్‌సన్‌ది. యూదు కుటుంబంలో పుట్టి, నాస్తికుణ్నని చెప్పుకున్న గైనకాలజిస్టు. అబార్షన్ నిషేధ చట్టాలు ఎత్తేయాలని 1969లో పుట్టిన ‘నారల్’ సంస్థ స్థాపకుల్లో ఒకడు. న్యూయార్క్‌లో చట్టం సడలించాక అక్కడి ఒక పెద్ద క్లినిక్‌ను ఆయనే నడిపించాడు. దొంగచాటు అబార్షన్లతో ఆడవాళ్లు చచ్చిపోవడం కళ్లారా చూసినవాడు కాబట్టి, చేస్తున్నది మేలే అనుకున్నాడు. కానీ 1974లో ‘న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో ఒక వ్యాసం రాస్తూ, తన ఆధ్వర్యంలో 60,000 పిండాల మరణాలు జరిగాయన్న నమ్మకం తనలో బలపడుతోందని ఒప్పుకున్నాడు. డాక్టర్లు చదివే పత్రికలో, సాటి డాక్టర్ల ముందు ఒప్పుకున్న మాట అది. తర్వాత అల్ట్రాసౌండ్ యంత్రాలు వచ్చి, కడుపులో కదులుతున్న పిండం తెర మీద కనబడేసరికి ఇక వెనక్కి తిరగలేదు. 1984లో ఆయన వ్యాఖ్యానంతో వచ్చిన ఒక సినిమాలో 12 వారాల పిండం నొప్పితో అరిచినట్టు చూపించడం వైద్యశాస్త్రానికి నిలవదని చాలామంది డాక్టర్లు తప్పుపట్టారు. ఆ విమర్శ న్యాయమైనదే. 1996లో ఆయన కేథలిక్ అయ్యాడు. అప్పటినుంచి ఆయన్ని మతం మార్చిందనేవాళ్లు ఎక్కువయ్యారు. కానీ తేదీలు చూడండి. మనసు మారిన ఇరవై ఏళ్లకు పైగా గడిచాక మతం వచ్చింది.

అదే స్కానింగ్ యంత్రం మన దగ్గర ఇంకో దారి పట్టింది. ఇక్కడ అది ఆడపిల్లను కడుపులోనే గుర్తుపట్టి తీసేయించే సాధనమైంది. అందుకే లింగనిర్ధారణను నిషేధిస్తూ 1994లో చట్టం వచ్చింది. ‘ఇక్కడ లింగనిర్ధారణ పరీక్షలు చేయబడవు’ అన్న బోర్డు లేని స్కానింగ్ సెంటర్ మన ఊళ్లలో కనబడదు. 1971 నుంచే అబార్షన్‌కు చట్టం వీలిచ్చిన దేశం మనది. కాబట్టి అమెరికా గొడవను మన గొడవతో కలిపి చూడకూడదు.

నాథన్‌సన్ ఆస్పత్రిలో మారితే నాట్ హెంటాఫ్ పత్రికాఫీసులో మారాడు. జాజ్ సంగీతం మీద, పౌరహక్కుల మీద న్యూయార్క్ వారపత్రిక ‘విలేజ్ వాయిస్’లో దశాబ్దాల పాటు రాసిన నాస్తికుడు ఆయన. 1983లో న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లో వెన్నెముక లోపంతో ఒక పాప పుట్టింది. ఆపరేషన్ వద్దని తల్లిదండ్రులు అన్నారు. ఆయన ఉదారవాద మిత్రులు అది వాళ్ల సొంత విషయమని సమర్థించారు. పుట్టిన బిడ్డ విషయంలోనే ఇలా అంటే, పుట్టడానికి ముందు గీత ఎక్కడ గీస్తారని ఆయన తనను తానే ప్రశ్నించుకున్నాడు. అబార్షన్ తప్పేనన్న జవాబు దొరికాక అచ్చులో పెట్టాడు. ఆఫీసులో కొందరు సహోద్యోగులు ఆయనతో మాట్లాడటం మానేశారు.

మతం లేకుండా ఈ వాదానికి పునాది ఉందా అని అడిగేవాళ్లకు డాన్ మార్క్విస్ 1989లో రాసిన వ్యాసం ముఖ్యం. కాన్సస్ విశ్వవిద్యాలయంలో ఫిలాసఫీ ప్రొఫెసర్ ఆయన. మనిషిని చంపడం ఎందుకు తప్పు? అతని ముందున్న జీవితం మొత్తాన్ని లాగేసుకుంటాం కాబట్టి. పిండానికి కూడా అలాంటి ముందు జీవితం ఉంది కాబట్టి అదీ తప్పే. ఇంతే వాదం. ఆత్మ ఎప్పుడు ప్రవేశిస్తుందన్న చర్చ ఇందులో లేదు. అయితే దీనికి 18 ఏళ్ల ముందే జుడిత్ థామ్సన్ అనే ఫిలాసఫర్ అవతలి వైపు నుంచి అంతే బలమైన మాట చెప్పింది. పిండాన్ని మనిషే అనుకుందాం, అయినా ఒకరి శరీరాన్ని వాడుకునే హక్కు ఇంకొకరికి ఎలా వస్తుంది అని. చట్టంతో నిషేధించడం నాకు సమ్మతం కాదు, ఇక్కడ నేను థామ్సన్ వైపే. కానీ మార్క్విస్ వాదాన్ని చర్చి మాట అని తోసిపారేసేవాళ్లు దాన్ని చదవలేదని చెప్పగలను.

ఒహాయోలోని కొలంబస్‌లో ఆడవాళ్ల జూడో క్లాసులో కలిసిన ప్యాట్ గోల్ట్జ్, కేథరిన్ కాలహాన్ 1972లో ‘ఫెమినిస్ట్స్ ఫర్ లైఫ్’ పెట్టారు. గర్భవతి అయితే చదువు ఆగిపోయే, ఉద్యోగం పోయే సమాజాన్ని మార్చకుండా, ఆడదాన్ని ఆపరేషన్ బల్ల ఎక్కించి సమస్య తీరిందనుకోవడం ఏం స్త్రీవాదం అన్నది వాళ్ల వైపు ప్రశ్న. ఈ ప్రశ్నకు ఎవరూ సరైన జవాబు చెప్పలేదని నాకనిపిస్తుంది. 1974లో అక్కడి స్త్రీవాద సంస్థ ‘నౌ’ గోల్ట్జ్‌ను బయటకు పంపేసింది. 1990లో పుట్టిన గే, లెస్బియన్ ప్రోలైఫ్ సంఘానికి ఎదురైంది దీనికి తిరగేసిన అనుభవం. వాళ్లు బ్యానర్ పట్టుకుని రావడం ‘మార్చ్ ఫర్ లైఫ్’ పెద్దలకు నచ్చలేదు. 2017లో వాషింగ్టన్ మహిళా మార్చ్ నిర్వాహకులు అబార్షన్‌ను వ్యతిరేకించే టెక్సస్ సంఘం ‘న్యూ వేవ్ ఫెమినిస్ట్స్’ను మొదట భాగస్వామిగా చేర్చుకుని, గొడవ కాగానే జాబితాలోంచి తీసేశారు. వీళ్లను ఇంట్లోవాళ్లూ రానివ్వలేదు, బయటివాళ్లూ రానివ్వలేదు.

2009లో కెల్సీ హజార్డ్ అనే యువతి మొదలుపెట్టిన ‘సెక్యులర్ ప్రోలైఫ్’ ఆ అనుభవాలన్నీ చూశాక వచ్చింది. 2021లో నాస్తికురాలైన టెరిసా బుకోవినాక్ వామపక్ష భావాలతో ఇంకో సంఘం స్థాపించింది. అందులో కొందరు క్లినిక్‌ల తలుపులకు అడ్డంపడి జైలుకు వెళ్లారు. లోపల చికిత్స కోసం టెన్షన్‌గా ఎదురుచూస్తున్న ఆడవాళ్లకు దారి మూసేయడాన్ని నేను సమర్థించలేను.

2022 జూన్ 24న సుప్రీంకోర్టు ‘రో’ను కొట్టేసింది. నిర్ణయం రాష్ట్రాలకు వెళ్లింది. మన తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్న టెక్సస్, జార్జియాలలో నిబంధనలు చాలా కఠినమయ్యాయి. ఇప్పుడు ఒప్పించాల్సింది జడ్జీలను కాదు, ఓటర్లను. అమెరికాలో ఏ మతానికీ చెందమని చెప్పుకునేవాళ్లలో ఐదుగురికి నలుగురు పైగా అబార్షన్ చట్టబద్ధంగా ఉండాలనే అంటారు. సెక్యులర్ ప్రోలైఫ్ వాళ్లు మాట్లాడాల్సింది సరిగ్గా ఆ జనంతోనే. జూడో క్లాసు స్నేహితురాళ్లు సంఘం పెట్టిన ఒహాయోలో 2023 నవంబర్‌లో ఓటింగ్ జరిగింది. అబార్షన్ హక్కును రాష్ట్ర రాజ్యాంగంలో చేర్చాలని సుమారు 57 శాతం మంది ఓటేశారు.