‘యాక్టివేట్ అయిందిగా అన్నా!’ - సాఫ్ట్‌వేర్ కొనేవాళ్ల అపోహలు, వాస్తవాలు

చెన్నై రిచీ స్ట్రీట్‌లో మా కొట్టుకి నెల్లూరు, సూళ్లూరుపేట వైపు నుంచి వచ్చేవాళ్లు ఎక్కువ. సెంట్రల్‌లో దిగి నేరుగా వచ్చేస్తారు. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ (వర్డ్, ఎక్సెల్ ఉండే సాఫ్ట్‌వేర్) ధర చెప్పగానే సగం మంది ఫోన్ తీసి నా ముందు పెడతారు. “ఇక్కడ 499కే ఉందన్నా, లైఫ్‌టైమ్ అంట.” వద్దంటే నా సరుకు అమ్ముకోడానికి చెప్తున్నాననుకుంటారు. అనుకోనీ.

అపోహ: యాక్టివేట్ అయిందంటే ఒరిజినలే.

కాదు. ఆ పూటకి మైక్రోసాఫ్ట్ సర్వర్ ఆ కీని (యాక్టివేట్ చేయడానికి కొట్టే కోడ్‌ని) ఒప్పుకుంది, అంతే. దాన్ని మీకు అమ్మే హక్కు అమ్మినవాడికి ఉందో లేదో సర్వర్ చూడదు. అంత చవగ్గా దొరికే విండోస్ కీల్లో చాలా ఏదో కంపెనీ తన ఉద్యోగుల కోసం తీసుకున్న వాల్యూమ్ కీలు. ఒక్కో కీని వందల మందికి అమ్ముతారు. దుర్వినియోగం బయటపడితే మైక్రోసాఫ్ట్ ఆ కీని బ్లాక్ చేస్తుంది. కేఎంఎస్ పద్ధతిలో (కంపెనీలు తమ సొంత సర్వర్‌తో చేసుకునేది) చేసిన యాక్టివేషన్ అయితే 180 రోజులే. ఆలోగా మళ్లీ రెన్యూ అవ్వాలి. మీ విండోస్ ఏ రకమో చూసుకోవాలంటే కమాండ్ ప్రాంప్ట్‌లో ఎస్ఎల్ఎంజీఆర్ అని కొట్టి, ఒక స్పేస్ ఇచ్చి, స్లాష్ డీఎల్ఐ అనండి. చిన్న పెట్టెలో ఓఈఎం (కంప్యూటర్‌తో కలిపి వచ్చేది), రిటైల్ (విడిగా కొన్నది), వాల్యూమ్ - ఏదో ఒకటి కనిపిస్తుంది. ఇంటికని కొన్న కంప్యూటర్‌లో వాల్యూమ్ అని వస్తే అమ్మినవాణ్ని నిలదీయండి.

ఇంతకన్నా ఘోరం ‘365 లైఫ్‌టైమ్’. అసలు మైక్రోసాఫ్ట్ 365 అంటేనే నెలకో ఏడాదికో కట్టే చందా. దానికి లైఫ్‌టైమ్ ఎక్కణ్నుంచి వస్తుంది? ఇలా అమ్మేవాళ్లు కీ ఇవ్వరు, ఒక ఐడీ, పాస్‌వర్డ్ ఇస్తారు.

నాయుడుపేటలో చిన్న షాపులకి జీఎస్టీ రిటర్నులు వేసే ఒకావిడ, ఇలాంటి ఐడీ కొనుక్కున్నావిడ, 19వ తారీఖు రాత్రి ఫోన్ చేసింది. తెల్లారితే త్రీబీకి (నెలనెలా వేసే జీఎస్టీ రిటర్నుకి) ఆఖరి రోజు. “పాస్‌వర్డ్ తప్పంటోందన్నా, నిన్నటిదాకా బానే ఉండె.” ఐడీ చదవమన్నాను. ‘ఎట్’ తర్వాత ఎవరిదో కాలేజీ పేరు వచ్చింది. అంటే ఆ కాలేజీ అడ్మిన్ ఎప్పుడు తీసేస్తే అప్పుడు ఈవిడ ఖాతా పోతుంది. డెస్క్‌టాప్ ఫోల్డరు కూడా ఆ ఖాతా వన్‌డ్రైవ్‌లోకే (మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ స్టోరేజీలోకే) బ్యాకప్ అవుతోంది. అంటే షాపుల లెక్కలన్నీ ఇన్నాళ్లూ ఆ అడ్మిన్ చేతికి అందేచోటే ఉన్నాయి! ఫైళ్ల పక్కన ఆకుపచ్చ టిక్కు ఉన్నవి కంప్యూటర్‌లోనూ ఉన్నాయి కాబట్టి తెరుచుకున్నాయి. మేఘం బొమ్మ ఉన్నవి ఆన్‌లైన్లోనే ఉన్నవి, తెరుచుకోలేదు. తెల్లవార్లూ వాట్సాప్‌లో బిల్లులు తెప్పించుకుని మళ్లీ కొట్టింది. అయినా మూడు షాపులవి మిగిలిపోయాయి, లేట్ ఫీజు తనే కట్టుకుంది. ఏడుస్తుంటే నేనేం అంటాను? మోసపోవడం ఆవిడ తప్పు కాదు. పేజీ నిండా ఐదు నక్షత్రాల రివ్యూలు పెడితే ఎవరైనా నమ్ముతారు.

మీ దగ్గరా ఇలాంటి ఐడీ ఉంటే, ఇది చదవడం పక్కన పెట్టి ముందు ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి.

ఇక మిగతావి గబగబా చెప్పేస్తాను.

పెట్టెలో సీడీ లేకపోతే డూప్లికేట్ అనుకోవడం పాత జబ్బు. ఆఫీస్ 2010కి కీ మాత్రమే ఉండే కార్డు వచ్చిన కొత్తల్లో ఒక పెద్దాయన డబ్బా చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసి, “లోపలేం లేదే” అని వెనక్కిచ్చేశాడు. ఇప్పుడు మేం అమ్మేదల్లా ఆ కార్డులూ, మెయిల్లో వచ్చే కీలే. సీడీ డ్రైవ్ ఉన్న ల్యాప్‌టాప్ చూసి ఎన్నాళ్లయిందో.

అన్నీ చందాలే అయిపోయాయనడం సగమే నిజం. ఫొటోషాప్ చేసే అడోబ్ 2013లో ఆ దారి పట్టింది, సీఎస్6 వెర్షన్‌తో ఒకేసారి కొనే క్రియేటివ్ సూట్ ఆగిపోయింది. కానీ ఆఫీస్ 2024 ఒకేసారి కొనొచ్చు, ఒక కంప్యూటర్‌కి. లెక్కలు రాసే ట్యాలీ కూడా లైసెన్స్ ఒకసారే, కొత్త అప్‌డేట్లు కావాలంటే ఏటా టీఎస్ఎస్ అనే చందా కట్టాలి.

విండోస్ 10 కంప్యూటర్లు ఆగిపోతాయని వాట్సాప్‌లో తిరిగేది ఒట్టి పుకారు. 2025 అక్టోబరు 14న ఆగింది మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు. ఈఎస్‌యూలో (పొడిగించిన సెక్యూరిటీ అప్‌డేట్ల పథకంలో) చేరినవాళ్లకి మరో ఏడాది వస్తాయి. టెన్షన్ పడి పాత మెషిన్‌ని తూకానికి వేయకండి.

యాంటీవైరస్ కొనకపోతే కొంప మునుగుతుందా? విండోస్ 8 నుంచీ డిఫెండర్ అనే మైక్రోసాఫ్ట్ యాంటీవైరస్ లోపలే ఉంది. నేను కూడా అమ్ముతాను కానీ అందరికీ అక్కర్లేదు.

చివరిగా, కొత్త ల్యాప్‌టాప్ కొన్నవాళ్లు ఆఫీస్ కొనేముందు డబ్బా మీద స్టిక్కరు చదవండి. చాలావాటిలో ఆఫీస్ హోమ్ (ఇదివరకు హోమ్ అండ్ స్టూడెంట్ అనేవాళ్లు) కలిపే ఇస్తారు, గడువులోగా మీ ఖాతాకి ఎక్కించుకోవాలి. మొన్న గూడూరు కుర్రాడొకడు ఆఫీస్ కావాలని డబ్బులు లెక్కపెడుతుంటే, ల్యాప్‌టాప్ తెరవమని వర్డ్ నొక్కించాను. ఉంది. బేరం పోయింది. వాడు నూట యాభైకి మౌస్ ఒకటి కొనుక్కుని వెళ్లాడు.