ఈస్టర్‌ను నడిపించే కాగితపు చంద్రుడు

2019 మార్చి 20న వసంత విషువత్తు, అంటే పగలూ రాత్రీ సమానమయ్యే ఘడియ, వచ్చింది. నాలుగు గంటలు తిరగకముందే చంద్రుడు నిండు పౌర్ణమికి చేరాడు. విషువత్తు తరువాతి పౌర్ణమి దాటాక వచ్చే తొలి ఆదివారమే ఈస్టర్ అన్నది అందరూ చెప్పే సూత్రం. ఆ ప్రకారం పండుగ మార్చి 24న రావాలి. వచ్చింది మాత్రం ఏప్రిల్ 21న!

లెక్కలో పొరపాటేమీ లేదు. ఆకాశంలో ఎప్పుడు వచ్చినా సరే, చర్చి గణనలో విషువత్తు ఏటా మార్చి 21నే. పౌర్ణమిని కూడా ఎవరూ ఆకాశంలో వెతకరు, పట్టికలో చూస్తారు. ఆ ఏడాది పట్టికలోని పౌర్ణమి మార్చి 20న పడింది. ఒక్క రోజు ముందు పడటంతో అది లెక్కకు రాకుండా పోయింది. ఇక తరువాతిది, ఏప్రిల్ 18నాటిదే దిక్కు.

ఈ పట్టికకు ఆధారం గ్రీకు ఖగోళవేత్త మెటన్ పేరుతో ప్రసిద్ధమైన చక్రం. 19 సౌర సంవత్సరాలకూ 235 చాంద్రమాసాలకూ తేడా రెండు గంటలే. కాబట్టి సంవత్సర సంఖ్యను 19తో భాగించి, శేషం ఒకటే వచ్చిన సంవత్సరాలకు పౌర్ణమి తేదీ కూడా ఒకటే అనుకోవచ్చు. 2019కి శేషం 5, 2038కీ 5. రెండింటికీ పట్టిక ఇచ్చేది ఏప్రిల్ 18నే. 2019లో అది గురువారం కనుక పండుగ మూడు రోజులకే వచ్చింది. 2038లో ఆ తేదీ ఆదివారం అవుతుంది. పౌర్ణమి ఆదివారమే పడితే పండుగను మరుసటి వారానికి జరపాలన్నది నియమం. అలా ఈస్టర్ ఏప్రిల్ 25కు చేరుతుంది. అంతకన్నా ఆలస్యంగా రావడానికి వీల్లేదు. 1943 తరువాత మళ్లీ అప్పుడే. ఇక ముందుగా రాగల తేదీ మార్చి 22. అది 1818లో వచ్చింది, మళ్లీ 2285లో గాని రాదు.

ఈస్టర్ కదిలితే మిగతావన్నీ దానితోపాటే కదులుతాయి. భస్మ బుధవారం 46 రోజుల ముందు, గుడ్ ఫ్రైడే రెండు రోజుల ముందు, పెంతెకొస్తు 49 రోజుల తరువాత.

ఇంత తంటా ఎందుకంటే, సిలువ ఘట్టం యూదుల పస్కా రోజుల్లో జరిగింది, పస్కా పౌర్ణమితో ముడిపడిన పండుగ. క్రైస్తవులంతా ఒకే ఆదివారం జరుపుకోవాలని 325లో నైసియాలో జరిగిన బిషప్పుల సభ కోరుకుంది. కోరిక తీరలేదు. ఏడో శతాబ్దంలో ఉత్తర ఇంగ్లండులోని నార్తంబ్రియా రాజు ఆస్వియు ఐర్లండ్ సన్యాసుల లెక్క పాటించేవాడు, రాణి ఈన్‌ఫ్లెడ్‌ది రోమ్ లెక్క. ఒక్కోసారి రాజు ఉపవాసాలు ముగించి ఈస్టర్ విందుకు కూర్చుంటే, రాణి ఇంకా ఈస్టర్‌కు వారం ముందటి మట్టల ఆదివారం దగ్గరే ఉండేదని చరిత్రకారుడు బీడ్ రాశాడు. ఒకే కప్పు కింద రెండు పంచాంగాలతో ఎంతకాలమని వేగుతారు? 664లో విట్‌బీలో సభ పెట్టి రాజు రోమ్ వైపు మొగ్గాడు.

అసలు చిక్కు పట్టికలోనే ఉంది. పట్టిక నడిచిన నాటి జూలియన్ క్యాలెండర్‌లో సంవత్సరం నిజమైన సౌర సంవత్సరం కన్నా సుమారు 11 నిమిషాలు ఎక్కువ. ఆ నిమిషాలే పోగుపడి 16వ శతాబ్దానికి విషువత్తు మార్చి 11 ప్రాంతానికి జారిపోయింది. అందుకే 1582లో పోప్ గ్రెగరీ అక్టోబరు 4 మరునాడు అక్టోబరు 15 అన్నారు. అలోయిసియస్ లిలియస్ అనే ఇటలీ వైద్యుడి పథకం ప్రకారం చంద్రుని పట్టికనూ సరిచేశారు. కొత్త క్యాలెండర్‌కు పది రోజుల కోతే గుర్తింపు తెచ్చింది గాని, నా దృష్టిలో గొప్ప పని ఈ రెండోదే.

తూర్పు క్రైస్తవ శాఖ అయిన ఆర్థొడాక్స్ సంఘాల్లో అత్యధికం ఈస్టర్‌కు పాత పట్టికనే వాడుతున్నాయి. వారి మార్చి 21 మన క్యాలెండర్‌లో ఏప్రిల్ 3. అందుకే 2024లో పాశ్చాత్య సంఘాలకు మార్చి 31న, ఆర్థొడాక్స్ వారికి మే 5న పండుగ అయింది. 2025లో మాత్రం ఇద్దరికీ ఏప్రిల్ 20నే కుదిరింది. పట్టికలు పక్కన పెట్టి, జెరూసలేం రేఖాంశం ఆధారంగా నిజమైన విషువత్తునూ పౌర్ణమినీ గణిద్దామని 1997లో సిరియాలోని అలెప్పోలో జరిగిన చర్చిల సంప్రదింపులు ప్రతిపాదించాయి. ఖగోళపరంగా ఇంతకన్నా సూటి మార్గం లేదు. అయినా అమలు కాలేదు. ఇలాగే సాగితే 2100 నుంచి ఆర్థొడాక్స్ వారి మార్చి 21 ఏప్రిల్ 4కు జరుగుతుంది.