చెట్లు ఆగిపోయే చోటు

ఎత్తైన కొండల్లో ఒకరోజు నడిచొచ్చిన వాళ్లను కదిపితే శిఖరం గురించే చెబుతారు. నాకు మాత్రం ఆ దారిలో అన్నిటికన్నా వింతగా అనిపించేది చెట్లు ఆగిపోయే చోటు. పొద్దున్నే పైన్ చెట్ల నీడలో మొదలుపెట్టి రెండు మూడు గంటలు ఎక్కేసరికి చెట్లు పలచబడతాయి, ఇంకాస్త పైకి పోతే పొట్టివైపోతాయి, ఆ తర్వాత ఒక్కటీ ఉండదు, గడ్డీ రాళ్లూ ఆకాశమూ తప్ప. దూరం నుంచి చూస్తే కొండకు ఎవరో అడ్డంగా గీత గీసినట్టే ఉంటుంది. దీన్నే ట్రీలైన్ అంటారు. ఆల్ప్స్‌లో ఇది సుమారు 2,000 మీటర్ల పైన ఉంటే, హిమాలయాల్లో కొన్నిచోట్ల 4,000 మీటర్లు దాటుతుంది.

ఎందుకు ఆగిపోతాయి? ఆయాసపడుతూ ఎక్కేవాళ్లకు ముందు తట్టేది పలచటి గాలి. 3,000 మీటర్ల ఎత్తులో గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో 70 శాతమే కాబట్టి మనకు రొప్పు వస్తుంది, నిజమే. కానీ కారణం అదే అయితే గీత అన్ని కొండల్లోనూ ఒకే ఎత్తులో ఉండాలి కదా! పోనీ చలికాలం చంపేస్తుందా అంటే, సైబీరియాలో లార్చ్ చెట్లు మైనస్ 60 డిగ్రీలను కూడా తట్టుకుని నిలబడుతున్నాయి.

అసలు చిక్కు వేసవితోనే. వెయ్యి మీటర్లు ఎక్కితే సగటున 6.5 డిగ్రీల వేడి తగ్గుతుంది. క్రిస్టియన్ కోర్నర్ అనే వృక్షశాస్త్రవేత్త, ఆయన సహచరులు ప్రపంచంలో చాలా కొండల మీద ట్రీలైన్ దగ్గర నేలలో థర్మామీటర్లు పాతి చూస్తే, మొక్కలు పెరిగే కాలంలో సగటు ఉష్ణోగ్రత దాదాపు అన్నిచోట్లా 6, 7 డిగ్రీల దగ్గరే తేలింది. ఆ చలిలో కూడా ఆకులు చక్కెర తయారు చేస్తూనే ఉంటాయి, తిండికి లోటు లేదు. కానీ సుమారు 5 డిగ్రీల కంటే దిగితే కొత్త కణాలు పుట్టడం దాదాపు నిలిచిపోతుంది. ఇటుకలూ సిమెంటూ వచ్చిపడి ఉన్నా మేస్త్రీ పనిలోకి రానట్టన్నమాట.

మరి ఆ గీతకు పైన చిన్న చిన్న పూలమొక్కలు హాయిగా ఎలా పూస్తున్నాయి? అవి పొట్టివి కాబట్టి! చెట్టు గాలిలోకి నిలబడుతుంది, గాలి ఎంత చల్లగా ఉంటే అదీ అంతే చల్లగా ఉంటుంది, పైగా తన నీడతో తన వేళ్లనే చల్లబరుచుకుంటుంది. రాళ్ల మధ్య దిండులా ఒత్తుగా అల్లుకునే కుషన్ మొక్కలున్నాయే, వాటి ఎత్తు కొన్ని సెంటీమీటర్లు మాత్రమే. గాలి వాటి పైనుంచి జారిపోతుంది, ఎండ వేడి లోపలే ఉండిపోతుంది. ఎండకాసే రోజున బయటి గాలి కంటే లోపల పది డిగ్రీలకు పైగా వెచ్చగా ఉండటం మామూలే. నమ్మకం కుదరకపోతే అక్కడ ఓ రాయి చాటున కూర్చుని చూడండి: నిలబడితే వణుకు, కూర్చుంటే జాకెట్ విప్పాలనిపిస్తుంది. (అలా వెచ్చగా ఉందని టోపీ కూడా తీసేసి ఒకసారి చెవులు మాడ్చుకున్నాను. ఎత్తుకు పోయేకొద్దీ వెయ్యి మీటర్లకు పది శాతం దాకా అతినీలలోహిత కిరణాలు పెరుగుతాయి, చల్లగాలి వల్ల అది తెలియదు.)

మధ్యాహ్నానికల్లా దిగడం మొదలుపెట్టాలి. ఎండకు వాలులు వేడెక్కి, తడిగాలి పైకి లేచి, చూస్తుండగానే ఉరుముల మబ్బులు కట్టేస్తాయి. ట్రీలైన్ పైన పిడుగుకు కనిపించే ఎత్తైన వస్తువు మనమే.

దిగుతూ మొదట కలిసే మరుగుజ్జు చెట్ల దగ్గర ఒక్క నిమిషం ఆగండి. పైకొమ్మలు గాలివాటుకు ఒకవైపే మిగిలి జెండాల్లా ఉంటాయి, కింద మాత్రం దట్టమైన పచ్చటి గుబురు. చలికాలంలో మంచు కప్పి కాపాడినంత మేరకే ఆ గుబురు. పోయిన వారం నేను ఆగిన చెట్టుకు అది నా మోకాలి దాకా ఉంది.