కాథెటర్ మెదడులోకి వెళ్లే ముందు

మెదడులో రక్తనాళం గోడ ఒకచోట బలహీనపడి బుడగలా ఉబ్బితే దాన్ని అన్యూరిజం అంటారు. పెద్దవాళ్లలో నూటికి ముగ్గురి దాకా ఇది ఉంటుందని అంచనా. చాలామందికి ఉన్న సంగతే తెలియదు. చిట్లితే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది.

పుర్రె తెరవకుండా, విడదీయగల కాయిల్‌తో, అంటే సన్నని తీగచుట్టతో, దీన్ని మూసే పద్ధతి 1990లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైంది. గ్విడో గుల్యేల్మి అనే ఇటలీ వైద్యుడు అలాంటి ప్లాటినం కాయిల్‌ను అక్కడే తొలిసారి రోగికి వాడాడు. తొడ మొదట్లోనో మణికట్టు దగ్గరో ధమనిలోకి గొట్టం ఎక్కించి, అందులోంచి మిల్లీమీటరు కూడా మందం లేని మైక్రోకాథెటర్ అనే మరో గొట్టాన్ని మెదడు దాకా పంపి, ఉబ్బును కాయిల్‌తో నింపుతారు. కాథెటర్ కొస డాక్టరు చేతికి మీటరుకు పైగా దూరంలో ఉంటుంది. కంటికి కనిపించేది ఎక్స్‌రే తెర ఒక్కటే.

మరి ఈ విద్య ఎక్కడ నేర్చుకోవాలి? పందుల మీద సాధన చేయడం ఉంది. కానీ పంది మెదడుకు రక్తం వెళ్లే దారిలో సన్నని నాళాలు వలలా అల్లుకుని ఉంటాయి. కాథెటర్ ఆ వల దాటి పోలేదు. పైగా మనుషుల్లోనే నాళాల అమరిక ఒకలా ఉండదు. మెదడు అడుగున ధమనులు కలిసే విల్లిస్ వలయం చాలామందిలో పుస్తకంలో గీసినంత పూర్తిగా ఉండదు.

అందుకే త్రీడీ ప్రింటింగ్ ఇక్కడ ఇంతగా అక్కరకొచ్చింది. రోగికి తీసిన యాంజియోగ్రాం (రక్తనాళాలను చూపే స్కాన్) నుంచి రక్తనాళాల ఆకారాన్ని కంప్యూటర్‌లో వేరుచేసి, రెజిన్ అనే మెత్తటి ప్లాస్టిక్ లాంటి పదార్థంతో బోలుగా ప్రింట్ చేస్తారు. ఇంకో దారిలో లోపలి ఆకారాన్ని ముందు ప్రింట్ చేసి, పైన సిలికాన్ పూసి, తర్వాత లోపలిదాన్ని కరిగించేస్తారు. మైనపు బొమ్మ చుట్టూ మట్టి మెత్తి, మైనం కరిగించి పంచలోహ విగ్రహం పోసే శిల్పులకు ఈ ఉపాయం కొత్తేమీ కాదు. తయారైన నమూనాకు పంపు తగిలించి ద్రవం పారిస్తే సాధనకు సిద్ధం.

నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది కాథెటర్ కొసను వంచే పని. ఉబ్బు మూతిలోకి సరిగ్గా తిరిగేలా ఆ కొసను ఆవిరి పట్టి వంచుతారు. ఎంత వంచాలో, ఏ వైపు వంచాలో తెరమీది బొమ్మ చూసి అనుభవంతో ఊహించాల్సిందే. కుదరకపోతే బయటికి తీసి మళ్లీ వంచాలి. ఆ తిప్పలన్నీ రోగి నాళంలో జరుగుతాయి. జపాన్‌లో కట్సునారి నంబా బృందం, రోగి రక్తనాళాన్నే ప్రింట్ చేసి, దానికి సరిపోయేలా కాథెటర్‌ను వంచే పద్ధతిని వరుసగా 10 మంది రోగుల్లో వాడి, ఆ తొలి ఫలితాలను 2015లో ప్రచురించింది. ఊహించాల్సిన పని ఇక్కడ చేత్తో సరిచూసుకునే పని అయింది.

ఇంత మేలున్నా, నమూనా అసలు నాళం కాదు. రెజిన్ గోడకు రాపిడి ఎక్కువ. అందుకే పారించే ద్రవంలో జారుడు పదార్థం కలుపుతారు. అన్యూరిజం గోడ అంత పలుచగా ప్రింట్ చేయడం కష్టం. నమూనాలో రక్తం గడ్డకట్టదు, నాళం బిగుసుకుపోదు. స్కాన్‌లో కనిపించని సన్నని కొమ్మలు నమూనాలోకి రానే రావు. అసలు ప్రమాదం కొన్నిసార్లు ఆ కొమ్మల్లోనే ఉంటుంది.

సమయం సంగతీ ఉంది. ప్రింట్ చేసి శుభ్రం చేయడానికి గంటలు పడుతుంది. చిట్లని అన్యూరిజానికి ముందుగా తేదీ పెట్టుకుంటారు కాబట్టి వీలవుతుంది. చిట్లి వచ్చిన రోగికి, స్ట్రోక్‌తో వచ్చిన రోగికి అంత వ్యవధి ఉండదు. వాళ్లకు పనికొచ్చేది, ఆ డాక్టరు అంతకుముందు రకరకాల వంపుల నమూనాల మీద చేసిన సాధనే. అందుకే ఇలాంటి నమూనాలు పెద్ద ఆసుపత్రుల పరిశోధనకే పరిమితం కాకుండా, ఈ విద్య నేర్పే ప్రతిచోటా విద్యార్థులకు అందాలి.