ఇండియానా జోన్స్‌కు దెబ్బ తగలకపోతే

చిరంజీవులకు ఆశీస్సులు.

పురాతన వస్తువుల వేటలో సాహసాలు చేసే హాలీవుడ్ హీరో ఇండియానా జోన్స్ నాలుగో సినిమా మీకు సరదాగానే ఉందట. మరి పెద్దవాళ్లంతా దాన్ని తలచుకుని ఎందుకు నిట్టూరుస్తారని అడిగారు. మూడోది 1989లో వచ్చింది, నాలుగోది 2008లో. 19 ఏళ్లు ఎదురుచూశాం. స్పీల్‌బర్గ్ దర్శకత్వం, జాన్ విలియమ్స్ సంగీతం, ఆ టోపీ, ఆ కొరడా అన్నీ ఉన్నాయి. మొదటి సినిమా నాయిక మారియన్‌ కూడా తిరిగొచ్చింది.

హీరో ముసలివాడయ్యాడని కొందరు గొణిగారు. హారిసన్ ఫోర్డ్‌కు అప్పటికి 65 ఏళ్లు. నాకు అదేమీ అడ్డనిపించలేదు (ముసలితనాన్ని తప్పుపట్టే వయసా నాది!). నా పేచీ వేరు.

1981 నాటి మొదటి సినిమాలో లారీ ఘట్టం గుర్తుందా? జోన్స్ పరుగెడుతున్న లారీ కిందికి జారి, కొరడా పట్టుకుని మట్టిలో ఈడ్చుకుపోతాడు. అది నిజంగా ఒక స్టంట్‌మన్ చేసిందే. లారీ కింద మనిషి పట్టేందుకు దారి మధ్యలో నేల తవ్వి మరీ తీశారు. ఆ తర్వాత ఓడలో మారియన్ ఎక్కడ ముట్టుకున్నా అతడికి నొప్పే. నొప్పి లేని చోటేదని ఆమె విసుక్కుంటే మోచేయి చూపిస్తాడు, తర్వాత నుదురు. ముద్దు పెడుతుండగానే నిద్రపోతాడు. అంత దెబ్బతిన్న మనిషి మళ్లీ లేస్తాడా అని మనకు దిగులు.

నాలుగో సినిమాలో నెవాడా ఎడారిలోని బొమ్మల ఊరు నాకూ నచ్చింది. అమెరికా అణుపరీక్షల కోసం అలాంటి ఇళ్లు, వాటిలో మనుషుల బొమ్మలు 1955లో నిజంగానే పెట్టింది. ఆ కుటుంబాలు బొమ్మలని జోన్స్‌కు అర్థమయ్యే క్షణం ఒళ్లు జలదరిస్తుంది. మరుక్షణమే అతడు సీసపు రేకు తొడిగిన ఫ్రిజ్‌లో దూరతాడు. బాంబు దాన్ని మైళ్ల దూరం విసిరేస్తుంది. తలుపు తెరుచుకుని బయటికి దొర్లుతాడు, లేచి నడుస్తాడు. అణుబాంబే ఏమీ చేయలేకపోతే, తర్వాత వచ్చే చీమలకూ జలపాతాలకూ నేనెందుకు భయపడాలి?

అడవిలో కోతులతో పాటు తీగలు పట్టుకుని ఊగడం సరేసరి, గ్రాఫిక్స్ కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. రెండో సినిమాలో మన దేశం గురించి అవాకులు చవాకులు చాలానే ఉన్నాయి, అయినా ఆ తాళ్ల వంతెనను శ్రీలంకలో నిజంగా కట్టి, నిజంగానే తెంపారు. ఆ తేడా కంటికి తెలుస్తుంది.

2023లో వచ్చిన అయిదోదానికి స్పీల్‌బర్గ్ దర్శకుడు కాదు. దాని సంగతి మీరు చూశాక మాట్లాడుకుందాం.

మీ తాతయ్య